మూడో కాయ

దగ్గరగా జరగండి. ఆ చాప ఇంకాస్త ఇటు లాక్కోండి. గాలి ఏటి మీంచి కొడుతోంది, నా గొంతు ఆ చివరికి అందదు. చంటిపిల్లలుంటే ఒళ్ళో వేసుకోండి. చేతిలో పనుంటే ఆపకండి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినే ముచ్చటే ఇది. ముందు ఒక్క క్షణం ఎవరూ మాట్లాడకండి. చూరు కింద గలగలమంటోంది, వినిపిస్తోందా? ఎండిన ఆనపకాయ అది. ఈవేళ పొద్దున్న ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది నాకు. కళ్ళు తెరవకుండానే, "అమ్మా, పాదులమ్మ వచ్చింది" అన్నాను. అమ్మా లేదు, పాదులమ్మా లేదు. ఉన్నది గాలీ, కాయా, నేనూ.

ఆవిడ పేరు మాకు తెలియదు. అడగక కాదు. మా మామ్మ ఓసారి అడిగింది. "పాదుకి పేరుంటుందా అండీ? ఏ ఇంటి ముందుంటే ఆ ఇంటి పాదు" అని నవ్వేసింది. అందుకని ఏటి పొడుగునా అందరికీ ఆవిడ పాదులమ్మే అయిపోయింది.

కొత్తపేట అవతల లంకల్లో ఆవిడ ఇల్లు. పడవలో వచ్చేది. నెత్తి మీద గంప, గంప మీద తడి గోనెపట్టా, దాని కింద వంగనారు, మిరపనారు, ఒక పక్కన పిడకలు. బీర, పొట్ల, ఆనప గింజలు పేడలో కలిపి పిడకలు చరిచి ఇంటి గోడకి కొట్టి దాచుకునేది ఆవిడ. పురుగు పట్టకుండా ఏడాది పొడుగునా ఉంటాయట. కావలసినప్పుడు ఒక పిడక ఊడదీసి గంపలో వేసుకోవడమే. తెలియనివాళ్ళు పిడకలమ్ముకునే మనిషి అనుకుని బేరం చేసేవారు. "ఇవి పొయ్యిలోకి కాదండి, పొయ్యి మీదకండి" అనేది.

నడుస్తుంటే ఆవిడ కళ్ళు ఎప్పుడూ సగం మూసుకునే ఉండేవి. నిద్రలో నడుస్తోందేమో అనిపించేది. ఇంటి ముందుకొచ్చి నిలబడితే మనుషుల్ని పలకరించే ముందు గోడవార ఉన్న మొక్కని పలకరించేది. గడ్డి పరకైనా సరే. వంగి, రెండు వేళ్ళతో మట్టి చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని, కళ్ళు పూర్తిగా మూసుకుని, చాలాసేపు అలా ఉండిపోయేది. ఆ తరవాత తుపుక్కున ఉమ్మేసి, అప్పుడు, "బాగున్నారా అండీ?" అనేది. ఎదురుచూసి ఎదురుచూసి బాగున్నామని చెప్పడం మనమే మరిచిపోయేవాళ్ళం.

ఆవిడ కేక మాత్రం ఏటికి అవతల ఒడ్డున ఉన్నవాళ్ళకి కూడా వినిపించేది.

"పాదులు పెడతానమ్మా, పాదులు! మట్టి మీది, చెయ్యి నాది, మూడో కాయ నాది!"

మా ఊరు అమలాపురానికి దిగువన, ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసక దిబ్బ మీద ఉంది. మా వాళ్ళది చేపల బతుకు, పడవల బతుకు. మాకు నేల అంటే వలలు ఆరేసుకునే చోటు. కూరా నారా కావాలంటే ఎండుచేపలు గంపకెత్తుకుని సంతకి పోయి మార్చుకు రావడమే. ధవళేశ్వరం దగ్గర గోదారికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. మా నాన్న రాళ్ళ పడవ మీద వెళ్ళాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను, తమ్ముడు.

తొలకరి జల్లు పడ్డ మర్నాడు ఆ కేక మా వాకిట్లోకి వచ్చింది. మామ్మ వల బాగుచేసుకుంటూ తలెత్తింది.

"ఏంటమ్మా, ఏం అమ్ముతున్నావు?"

"ఏమీ అమ్మనండి. మీ కూర మీరే పండించుకునేలా పాదు పెట్టి పోతానండి. చేతకానోళ్ళ ఇళ్ళకే వెళతానండి నేను. చేతనైనవాళ్ళకి నాతో పనేముందండి?"

"కూరలమ్మేవాళ్ళని చూసేను. చేపలమ్మేవాళ్ళం మేమే ఉన్నాం. కూర ఎలా కాస్తుందో అమ్మేదాన్ని ఇదే చూడ్డం. బాగుందమ్మా యాపారం! మరి నీకేమిచ్చుకోవాలి?"

"ఇప్పుడేం వద్దండి. కాసేక మొదటి కాయ మీరు తినండి. రెండో కాయ పొరుగింటికివ్వండి, వాళ్ళ కళ్ళు చల్లబడతాయి. మూడో కాయ నాదండి. దాన్ని మాత్రం నేనొచ్చేదాకా ముట్టుకోకండి. తరవాత కాసేవన్నీ మీవే."

"ఈ ఇసకలో ఆనపకాయ కాస్తే నా ముక్కుకి ముక్కెర కాస్తుంది."

"ఆయ్. అలాగేనండి పెద్దమ్మగారూ. ఏ రాయి ముక్కెర కావాలో ఆలోచించి ఉంచుకోండి."

అమ్మ పకపకా నవ్వింది. నాన్న వెళ్ళాక అమ్మ అలా నవ్వగా విన్నది అప్పుడే. ఆ నవ్వు చూసే పాదులమ్మ గంప దించింది.

ఇసక నాలిక మీద వేసుకుంది. మొహం ముడిచింది. "నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు చెల్లెమ్మా?" అని అడిగింది. అమ్మ ఇంటి వెనకాల చెలమ చూపించింది. మా ఇసకలో లోతుగా తవ్వితే ఉప్పునీళ్ళు, పైపైన గీరితే తియ్యటి నీళ్ళు. ఆత్రపడితే ఉప్పు, ఓపికపడితే తీపి. ఆ సంగతి ఆవిడకి కొత్త. దోసిలితో తాగి, సగం కళ్ళతో అమ్మ వంక చూసింది. "నాకు తెలియనిది మీకు తెలుసు. మీకు తెలియనిది నాకు తెలుసు. ఇంకేంటండీ, కాయ కాసినట్టే."

గంపలోంచి ఒక పిడక తీసి చిదిపి, నాలుగు గింజలు ఏరి బుగ్గన పెట్టుకుంది. వక్కలు పెట్టుకున్నట్టు. ఆ గింజల్ని అలా బుగ్గన నానబెట్టుకుంటూనే పందిరికి కర్రలు చూసింది, పాదు తీయించింది, ఏటి ఒడ్డున ఉన్న ఒండ్రు తట్టతో తెప్పించి ఇసకలో కలిపించింది. "ఇది మా అమ్మ ఇచ్చిన రకం. పొట్టిది, బొజ్జది. ఇసకలోనే బాగా పెరుగుతుంది. మా లంక మట్టిలో పెడితే గారంగా పెరిగి, విత్తుకి ఒక్క కాయ కాస్తే గొప్ప. అందుకే ఇంకెవరింటా పెట్టలేదు, మీకే పెడుతున్నాను" అంది బుగ్గ ఉబ్బించుకుని.

గింజలు బుగ్గలోంచి తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"నా చేతులు చేపల వాసనండి అక్కగారూ."

"విత్తుకి ముక్కు లేదు చెల్లెమ్మా. పెట్టండి."

"చచ్చిపోతేనో?"

"ఇంకోటి ఉంది కదండీ."

అదీ ఆవిడ మాట. దేనికైనా అదే మాట. మొలక వాడిపోతే, ఇంకోటి ఉంది కదండీ. మేక తినేస్తే, ఇంకోటి ఉంది కదండీ. కొత్తగా మట్టిలో చెయ్యి పెట్టేవాళ్ళకి భయం ఒక్కటే చీడ అనేది. ఆ మాట వింటే ఎవరికైనా గుండె జారిన చోటునుంచి మళ్ళీ పైకి వచ్చేది.

ఆవిడ చెప్పే ముచ్చట్లు వినాలి. అమలాపురంలో కచేరీ గుమస్తాగారి భార్య ఒకావిడ, బీరవిత్తు మొలిచిందో లేదో అని రోజూ తవ్వి చూసి మళ్ళీ కప్పెట్టేదట. "నిద్దరోతున్న పిల్లని లేపి, అమ్మా నిద్ర పట్టిందా అని అడుగుతామా అండీ?" అని చెబితే, ఆ మహాతల్లి ఆ రాత్రంతా ఏడ్చి, మర్నాటి నుంచి పాదు దగ్గర జోల పాడటం మొదలెట్టిందట. "మరి మొలిచిందా?" అని నేను అడిగేదాన్ని. "జోల పాడితే ఎవరు లేస్తారే? పాట ఆపేక మొలిచింది" అనేది.

తీగ పాకింది. పందిరి ఎక్కింది. పాదులమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. పిందె వేసిన రోజున తమ్ముడు, "అదిగో!" అని వేలు పెట్టి చూపించాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని అయిదు వేళ్ళూ వాడి చేతే కొరికించింది. వేలు చూపిస్తే పిందె కుళ్ళిపోతుందని మీకూ తెలుసుగా. ఆవిడ మాత్రం దేన్నయినా గెడ్డంతోనే చూపించేది. ఊరి దారి అడిగినా గెడ్డమే. అలవాటైపోయింది. మా వీధి పిల్లలందరికీ కొన్నాళ్ళు అదే ఆట, గెడ్డాలతో చూపించుకోవడం.

ఆ ఏడు గోదారి పొంగింది. మాది దిబ్బ కాబట్టి నీళ్ళు మా వాకిలి దాకా వచ్చి ఆగాయి. పగలంతా ఒడ్డున నిలబడి చూసేవాళ్ళం. ఎర్రటి నీళ్ళు, వాటి మీద తాటాకు కప్పులు, అరటి చెట్లు, గడ్డిమేటు మీద నిలబడి కూస్తూ పోయిన కోడిపుంజు. అన్నీ ఏదో పెళ్ళికి వెళుతున్నట్టు నెమ్మదిగా, వరసగా సముద్రంలోకి వెళ్ళిపోయాయి. వరదకి ఏటి ఉప్పు విరిగి నీళ్ళు తియ్యగా అయ్యాయని అమ్మ సంబరపడి ఆ ఎర్రనీళ్ళే కడవలతో తెచ్చి పాదుకి పోసింది. ఆ నీళ్ళలో ఎవరి గోడ కరిగి ఉందో మాకేం తెలుసు?

వరద తీసేక కాయలు దిగాయి. మొదటి కాయ మేము తిన్నాం. అమ్మ చేతికి కూర కాయడం అదే మొదలు. ముక్క నోట్లో పెట్టుకుని మామ్మ రెండో ముక్కకి చెయ్యి చాపింది. మామ్మ వంక పెట్టకుండా తినడం కంటే పొగడ్త ఉండదు. రెండో కాయ పొరుగింటికిచ్చాం. మూడో కాయకి అమ్మ ఎర్రదారం కట్టింది.

ఎందుకు కట్టిందో చెప్పాలి. మా పడవల్లో చేపలు ఒడ్డున పడగానే వాటాలు వేస్తారు. పడవకి ఒక వాటా, వలకి ఒక వాటా, మనిషికి ఒక వాటా. రాని మనిషి వాటాకి దారం కట్టి పక్కన పెడతారు. పిల్లలు ఆకలని ఏడ్చినా, అతను వచ్చేదాకా ఆ వాటా ఎవరూ ముట్టరు. ముట్టినవాడిని మళ్ళీ పడవ ఎక్కనివ్వరు. మూడో కాయ పాదులమ్మ వాటా. అమ్మకి తెలిసిన న్యాయం అది.

ఆ తరవాత కాపు తగ్గిపోయింది. కార్తీకంలో ఈదురుగాలులు పట్టుకుని పడవలు కదల్లేదు. ఇంట్లో గంజి, ఎండుచేప ముక్క, అంతే. పందిరి మీద మూడో కాయ మాత్రం బొజ్జ పెంచుకుని నిగనిగలాడుతూ కూర్చుంది. తమ్ముడు దాని కింద పడుకుని దాన్నే చూసేవాడు.

"ఆ కాయ ముసలిదైపోతోందే. పళ్ళున్నప్పుడే తినిపించు నాకు" అనేది మామ్మ.

"వాటా అత్తా" అనేది అమ్మ.

అంతే. మామ్మ మళ్ళీ వల అందుకునేది.

ఒక మధ్యాహ్నం పాదులమ్మ వచ్చింది. కేక వెయ్యకుండా వచ్చింది. గంప లేదు. కాళ్ళకి మోకాళ్ళ దాకా ఎండిన బురద. మట్టి నాలిక మీద వేసుకోలేదు, తిన్నగా అరుగు మీద కూర్చుంది. పందిరి వైపు కూడా చూడలేదు. దాచుకున్న మిఠాయి వెంటనే చూడకుండా కూర్చునే పిల్లలుంటారే, అలా. అయినా మామ్మని చూడగానే, "ముక్కెర ఏదండీ పెద్దమ్మగారూ?" అంది.

మామ్మ మాట తప్పే మనిషి కాదు. లేచి వెళ్ళి, ఆనపతీగకి ఉంగరంలా చుట్టుకున్న నులితీగ ఒకటి తుంపి, ముక్కుకి తగిలించుకుని వచ్చి కూర్చుంది. "పచ్చరాయి ముక్కెర. చాలా?" అంది. అందరం నవ్వాం. పాదులమ్మ కూడా నవ్వింది గానీ, నవ్వు మధ్యలో ఆగిపోయింది.

అమ్మ లోపలికి వెళ్ళి గాభరాపడింది. నాకు గుర్తే. మనిషి ఎండలో నడిచి వచ్చింది, మొహం పీక్కుపోయింది. కార్తీకమాసం, నెలంతా ఆవిడ నీచు ముట్టదు. మా ఇంట్లో నీచు తప్ప మరొకటి లేదు. ఇంటికొచ్చిన మనిషికి ఉప్పుగంజి పోసి పంపితే ఇంకేమన్నా ఉందా? అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి పందిరి వైపు చూసింది. ఒక్కసారిగా అమ్మ మొహం వెలిగిపోయింది. ఈ రోజు కోసమే కదా ఆ కాయ దాచింది! ఆవిడ వాటా ఆవిడకే వండి పెట్టడం కంటే ధర్మం ఏముంది?

పులుసు పెట్టింది. సంత నుంచి తెచ్చి దాచుకున్న బెల్లం ముక్క కూడా వేసింది. తాటాకు విస్తరి వేసి, కూర్చోబెట్టి, వేడివేడిగా వడ్డించింది. పాదులమ్మ ముక్క చేతిలోకి తీసుకుంది. చూసింది. చెయ్యి అక్కడే ఆగింది. మెల్లిగా తల తిప్పి, పెరటి గుమ్మంలోంచి పందిరి వైపు చూసింది. తీగకి ఎర్రదారం వేలాడుతోంది, దాని కింద ఏమీ లేదు.

ఆవిడ కళ్ళు పూర్తిగా తెరుచుకోవడం నేను చూసింది అప్పుడే. ఎంత పెద్ద కళ్ళో!

"బాగాలేదా అక్కగారూ?" అంది అమ్మ భయంగా.

ఆవిడ ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. "మీ చేతిలో రుచి ఉంది చెల్లెమ్మా. ఇంకాస్త వెయ్యండి" అంది. మారు వేయించుకుని తింది. విస్తరిలో ఒక్క ముక్క మిగల్చలేదు. చెయ్యి కడుక్కున్నాక అడిగింది, గాలితో మాట్లాడినట్టు.

"గింజలు ఏం చేసేరు?"

"ముదిరిపోయేయండి. పళ్ళ కింద పడతాయని తీసి ఏట్లో పారబోసేను."

"ఆయ్" అంది. లేచి వెళ్ళి పందిరి కింద నిలబడింది. ఆకులు అప్పటికే పసుపెక్కుతున్నాయి. మేమంతా వెనకాలే వెళ్ళాం. ఎందుకో అందరికీ అడుగు గట్టిగా వెయ్యాలంటే భయం వేసింది.

"ఇంకో కాయ కావాలేంటమ్మా? మళ్ళీ ఏడు రెండు కోసుకుందువు గాని" అంది మామ్మ.

"మా గోడ పోయిందండి పెద్దమ్మగారూ. వరదకి పిడకలన్నీ కరిగిపోయేయి. మిగతా రకాలు ఆ ఇంటా ఈ ఇంటా ఉంటాయి, అడుక్కుంటాను. మా అమ్మ ఇచ్చిన ఈ రకం మాత్రం మీ పందిరి మీదే ఉందండి."

అమ్మకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. మాకు విత్తనం అంటే ఏం తెలుసు? చేపకి ఎవరు విత్తనం దాచారు? ఏరు ఇస్తుంది, సముద్రం ఇస్తుంది, మనం తింటాం. అర్థమయ్యాక అమ్మ నేల మీద కూలబడిపోయింది.

"వాటా అనుకున్నానండి అక్కగారూ. మీ వాటా అనుకున్నాను. పిల్లాడు ఏడ్చినా పెట్టలేదండి..."

అని, ఆవిడ మొహంలోకి చూస్తూ ఆ మాట కోసం ఎదురుచూసింది. ఇంకోటి ఉంది కదండీ. మేమందరం ఎదురుచూశాం. ఆ మాట రాలేదు.

పాదులమ్మ వచ్చి అమ్మ పక్కనే ఇసకలో చతికిలబడింది.

"తప్పు నాది చెల్లెమ్మా. మూడో కాయ నాదన్నాను గానీ, అది విత్తుకని చెప్పలేదు. మా లంకల్లో చంటిపిల్లకి కూడా తెలుసు కదా అని ఊరుకున్నాను. కొత్తవాళ్ళకి నేర్పుతానని ఊళ్ళు తిరుగుతూ, అసలు మాట చెప్పడం మరిచిపోయేను. మీరు దాన్ని ప్రాణంలా కాపాడేరు. నాకు తినిపించడానికి కాపాడేరు. మా అమ్మ కూడా నాకు అలా దాచిపెట్టి తినిపించలేదు."

ఇద్దరూ ఏడ్చారు. మామ్మ ముక్కుకి ఆ పచ్చ ముక్కెర అలాగే ఉంది. తీసెయ్యడం ఎవరికీ తోచలేదు.

అప్పుడు మామ్మే అంది. "కాయ పోయింది గానీ, తీగ ఉంది కదా. ఏడవడానికి అదింకా చావలేదు."

ఒక్క పూట కంటే ఎవరింటా ఆగని మనిషి మా ఇంట్లో ఆగిపోయింది. ఎండు ఆకులు తుంపింది. వరద వేసిపోయిన కొత్త ఒండ్రు పాదులో సర్దింది. మామ్మ తన గుట్టు బయటపెట్టింది. చేపలు కడిగిన నీళ్ళు పోసే చోట గడ్డి నల్లగా పెరుగుతుందట. అయితే ఆ నీళ్ళే పొయ్యమంది పాదులమ్మ. చెలమ నీళ్ళు అమ్మ వంతు. పైపైన గీరి, ఊరేదాకా కూర్చుని, మళ్ళీ గీరి. కడవ నిండటానికి ఎంత సేపు పడితే అంత సేపు.

సాయంత్రాలు మాత్రం ఇప్పటికీ కల్లాగే గుర్తున్నాయి. ఆనపపువ్వు పగలు పూయదు. దీపాలు పెట్టే వేళకి, ఏటి మీద వెలుగు సన్నబడుతుంటే, ఆకుల మధ్య ఒక్కొక్కటే తెల్లగా విచ్చుకుంటుంది. చప్పుడు లేకుండా, ఎవరో లోపల కూర్చుని తెల్లగుడ్డ మడత విప్పుతున్నట్టు. మేమంతా పందిరి కింద మెడలు ఎత్తుకుని కూర్చునేవాళ్ళం. అన్నీ ఉత్త పువ్వులే, పిందె ఉన్న పువ్వు ఒక్కటీ లేదు. పాదులమ్మ వాటిని చూస్తూ వాళ్ళమ్మ కబుర్లు చెప్పేది. వాళ్ళమ్మ పోయేటప్పుడు మాట పడిపోయి, గోడ వైపు గెడ్డం చూపించిందట. ఆ గెడ్డం ఏం చెప్పిందో తెలిసేసరికి ఏళ్ళు పట్టిందట. "దాచుకోమందనుకున్నాను. కాదండి, పంచమంది" అనేది. గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది అందుకేనట.

ఒక సాయంత్రం పిందె పువ్వు విచ్చుకుంది. పాదులమ్మ ఉత్తపువ్వు ఒకటి తుంపి, అమ్మ చేతికిచ్చింది.

"తాకించండి."

"మీరు తాకించండి అక్కగారూ. నా చెయ్యి..."

"మీ చెయ్యే కావాలండి."

అమ్మ మెల్లిగా పువ్వుకి పువ్వు తాకించింది. నిద్రపోతున్న పిల్ల నుదుటికి బొట్టు పెట్టినట్టు.

ఆ పిందె పండుబారి రాలిపోయింది. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. ఇంకో పువ్వు వచ్చింది. అది నిలిచింది. పిడికిలంత అయ్యాక పాదులమ్మ బయలుదేరింది. వెళ్ళేముందు అమ్మని కూర్చోబెట్టి, ఎప్పటిదాకా ఉంచాలో, ఎందుకుంచాలో, తొడిమ ఎండేదాకా ఎందుకు కొయ్యకూడదో, ఒక్కొక్క మాటా చెప్పి, తిరిగి అమ్మ చేత చెప్పించుకుంది.

అక్కణ్ణుంచి మా ఇంట్లో చుట్టాలకి కష్టకాలం వచ్చింది. వాకిట్లో ఎవరి అడుగు వినిపించినా అమ్మ పరుగెత్తి కాయ మీద వల కప్పేసేది. చుట్టాల మీద అనుమానం కాదు, తన మీద తనకే. "ఎవరైనా ఆకలిగా వస్తే నా చెయ్యి ఆగదు" అనేది. మామ్మ వీధిలో చెప్పుకునేది: "మా కోడలు కాయకి ఘోషా పెట్టింది."

కాయ చూరుకి ఒరుసుకుని పెరగడం వల్ల వంకరపోయింది. మెడ తిరిగిపోయి, వెనక్కి చూస్తున్న బాతులా ఉండేది. తీగ పూర్తిగా ఎండిపోయింది. కాయ ఆకుపచ్చ వదిలి, తెలుపెక్కి, తేనెరంగుకి వచ్చింది. పడవలు కదిలాయి. నాన్న ఒకసారి వచ్చి వెళ్ళాడు. ఎండలు ముదిరాయి.

పాదులమ్మ వచ్చింది. ఈసారి గంపతో వచ్చింది. మట్టి నాలిక మీద వేసుకుంది, ఉమ్మింది, బాగున్నారా అంది. అమ్మ కాయ కోసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ముందు మామ్మ చెవి దగ్గర ఊపింది, తరవాత నా చెవి దగ్గర, తమ్ముడి చెవి దగ్గర. గలగల. దూరంగా వాన మొదలైనట్టు. చివరికి అమ్మ చెవి దగ్గర ఊపింది.

అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. విని, మెల్లిగా అంది.

"ఇంకోటి ఉందండీ."

"ఆయ్!" అంది పాదులమ్మ.

కాయ పగలగొట్టి, గింజలు రెండు కుప్పలు పోసింది. ఒక కుప్ప పేడలో కలిపి మా గోడకే పిడకలు కొట్టించింది. వలలు తప్ప ఏమీ వేలాడని మా గోడకి! రెండో కుప్ప గంపలో వేసుకుంది. ఆ వెళ్ళడం వెళ్ళడం, వీధి చివర ఆవిడ కేక వినిపించింది. మామ్మ వల వదిలేసి విన్నది. కేక మారింది.

"పాదులు పెడతానమ్మా, పాదులు! మట్టి మీది, చెయ్యి మీది, మూడో కాయ మనది!"

తరవాత చాలా ఏళ్ళు వచ్చింది. ఏ ఇంట్లోనైనా విత్తు పెట్టించే ముందు మా అమ్మ పెట్టిన పులుసు కథ చెప్పేదట. ఎవరినీ నవ్వనిచ్చేది కాదట. "అంత రుచి నేను మళ్ళీ తినలేదండి" అనేదట. ఏటి పొడుగునా ప్రతి చూరు కింద ఒక ఎండుకాయ వేలాడేది. తొలకరికి ఆవిడ రావడం, ఊపి చూసుకోవడం, సగం తీసుకుని సగం వదలడం.

ఒక తొలకరికి రాలేదు. జల్లులు పడ్డాయి, ఏరు రంగు మారింది, కేక రాలేదు. లంకల నుంచి వచ్చిన పడవవాళ్ళు చెప్పారు, పోయిందని. నిద్రలో పోయిందట. ఆవిడకి అది పెద్ద మార్పు కాదులే అంది మామ్మ, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ.

ఆ ఏడు చూరు కింద కాయలు ఎవరూ దించలేదు. ఆవిడ వాటా కదా. ముట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గాలి వీస్తే ఊరు ఊరంతా గలగలమనేది. పడవలో పోయేవాళ్ళు తెడ్లు ఆపి వినేవారు. ఒక రోజు అమ్మ లేచి, చూరు కింద కాయ దించి, కొత్తగా కాపరానికి వచ్చిన పొరుగింటి పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల ఏరు తప్ప నేల ఎరగదు. చేతులు వెనక్కి లాక్కుంది.

"చచ్చిపోతేనో అత్తా?" అంది.

అమ్మ ఏమందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రానికి వీధిలో ఒక్కొక్క ఇంటా కాయ దిగింది.

ఇదిగో, ఈ చూరు కింద ఉన్నది ఆ వంకరకాయ పిల్లల పిల్ల. ఇంకా మెడ తిప్పి వెనక్కే చూస్తోంది చూడండి. వేలు పెట్టకండి, గెడ్డంతో చూడండి. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ చెయ్యి చాపండి, తలా రెండు గింజలు పెడతాను. చేతకాదనకండి, చేతకానివాళ్ళ కోసమే ఇవి.

మీ ఇంటి ముందు తీగ పాకాలి. మీ పొయ్యి చల్లారకూడదు, మీ చూరు కింద గలగల ఆగకూడదు. మీ గుమ్మంలోకి వచ్చిన చుట్టం ఆకలితో వెళ్ళకూడదు, మీ మూడో కాయ తీగ మీదే ఎండాలి. ఆ రెండూ ఒక్క ఇంట్లోనే జరగాలి, అది మీ ఇల్లే కావాలి. చల్లగా ఉండండి తల్లీ.